ఉప్పుకు వాసన ఉండది

బాన్సువాడ
నవంబర్ 8

తమ్మీ తారాచంద్,

ఇక్కడ మేమందరం మంచిగున్నం. నువ్వు మంచిగున్నవా లేవా అని నేను అడుగ. నీ పెండ్లాం లాలి తండ నుంచి సంతకు వచ్చినప్పుడల్లా చెప్తనే ఉన్నది. పుణెల బరువెక్కినవంట గదా! పద్నాలుగేండ్లు నా చేతి కూర తిని ఎక్కనోనివి, మూడు నెలల్ల ఎట్లెక్కినవు రా?

ఫోన్ ఎందుకు చెయ్యవని తిట్టుకోకు. ముప్పై ఏండ్లు డీజిల్ బట్టీల పక్కన నిలవడి చెవులు రెండూ ఆ మోతకే అప్పజెప్పిన. ఫోన్ల నువ్వు మాట్లాడితే నాకు బట్టీ మండినట్టే ఇనవడతది. అందుకే కాయితం. ఏడో తరగతి దాక సదివిన అచ్చరాలు ఊకెనె పోవద్దు గదా.

అసలు సంగతి చెప్త. ఆడ హెడ్ కుక్కుకు ఎంతిస్తరు? పుణెల ఎంత, గోవల ఎంత, బెంగుళూర్ల ఎంత, జర అడిగి రాయి. నాకోసం గాదు. ఒక మనిషి అడుగుతుండు. ఇక్కడి రేటు నీకెరికె. క్వింటాల్ బియ్యం దావతుకు మాస్టర్‌కు ఎనిమిది వేలు, సెకండ్‌కు రెండు వేలు. పొయ్యి ముట్టిచ్చేటప్పుడు కొబ్బరికాయ, శాలువ, ఆఖరికి ఒక గిన్నె మటన్ కూర. మెడల తులసిమాల ఉన్నోన్ని, పదకొండేండ్ల సంది ముక్క ముట్టనోన్ని, ఆ గిన్నె నాకెందుకు? అది నువ్వే ఇంటికి కొంచవోతుంటివి. ఇప్పుడు ఇమ్మానుయేలు కొంచవోతుండు. అదే, మన టెంట్‌హౌస్ ఇమ్మానుయేలు.

మొన్న నస్రుల్లాబాద్ల ఒక దావత్ చేసిన. మంచిగనె అయ్యింది.

జవాబు తొందరగ రాయి. ఆ మనిషి ఆగుతలేడు.

నీ అన్న
ముత్తెన్న


పుణె
నవంబర్ 21

ముత్తెన్న అన్నకు శరణు.

నీ ఉత్తరం అందింది. మా హోటల్ల పోస్టుమాన్ నా పేరు పిలిచి ఉత్తరం ఇచ్చిండంటె అందరు వచ్చి చూసిండ్రు. కోర్టు కాయితమనుకున్నరు. మా అన్న రాసిండంటె నమ్ముతలేరు.

నువ్వడిగింది అడిగిన. అడుగుడు సులువు గాదు అన్నా. వంటోన్ని జీతమడిగితే, ఉన్నదానికంటె రెండింతలు చెప్తడు. యజమానినడిగితే సగం చెప్తడు. నేను రెండూ కలిపి నడుమ పట్టిన. పుణెల మా అసొంటి హోటల్ల హెడ్ కుక్కుకు నలభై వేల దాక ఉన్నది, సెకండ్‌కు, అంటె నాకు, ఇరవై ఏడు. పండుకొనెటందుకు మంచం, రెండు పూటల తిండి. పెద్ద పెద్ద హోటల్ల తెల్లటోపి పెట్టుకున్నోనికి లక్షకు మీదనే ఉంటదంట గని, ఆయన వండుడు నేనెన్నడు చూడలే, చెయ్యి చూపెడ్తడు అంతే. గోవల జీతానికి జీతం, మీదికెళ్ళి తిన్నోల్లు బక్షీస్ ఇస్తరు, గని వాన పడ్డదంటె నాలుగు నెలలు ఇంట్ల కూసోవాలె. బెంగుళూర్ల బిర్యాని మాస్టర్‌కు నలభై అయిదు అంటె ఎగిరి గంతేసిన. కిరాయి ఎంతని అడిగినంక కూసున్న. నాందేడ్ దాబల పద్దెనిమిది వేలు, పొద్దూకంగనే ఒక సీస ఉత్తగ. ఆడికి మాత్రం నువ్వు పోకు.

హైదరాబాద్‌ల అయితే మటన్ మంచిగ వండెటోనికి అరవై, డెబ్బై దాక గూడ ఇస్తుండ్రంట. మనసొంటి పల్లె రుచికి ఇప్పుడు గిరాకి ఉన్నదంట. ఇది ఆ మనిషికి చెప్పు.

ఇక్కడ వంటోన్ని 'ఆచారి' అంటరు. మొదటి రోజు 'ఆచారీ, ఇటు రా' అని సేటు పిలిస్తే, తలుపులు చేసెటాయన వచ్చిండేమోనని నేను ఎనుకకు తిరిగి చూసిన.

అన్నా, ఒక్కటి అడుగుత, కోపం జెయ్యకు. నేను లేనంక మటన్ల ఉప్పు ఎవరు చూస్తుండ్రు?

నస్రుల్లాబాద్ దావత్ మంచిగనె అయ్యిందంటివి. మంచిగనె అనెటోనివి గాదు నువ్వు. 'ఇస్తార్లు నాకిండ్రు' అనెటోనివి.

తారాచంద్


బాన్సువాడ
డిసెంబర్ 12

తమ్మీ,

నీకు లాలి చెప్పే ఉంటది. చెప్పిందని నాకెరికే. ఇగ దాసుడెందుకు?

నస్రుల్లాబాద్ల ఉప్పు తక్కువైంది. పిట్లంల ఎక్కువైంది. పిట్లంల ఎంత ఎక్కువైందంటె, పెండ్లికొడుకు మేనమామ మూడు గిలాసల సల్ల తాగి, 'మాస్టర్, మేకను సముద్రంల మేపిండ్రా?' అని అందరి ముంగట అడిగిండు. ఇస్తార్ల తునకలు మిగిలినయ్ రా. ముప్పై ఏండ్లల్ల నా ఇస్తార్ల బొక్కలు తప్ప మిగిలినయా? ఎంగిలాకులు ఎత్తుతుంటె కుక్కలు గూడ నా దిక్కే చూస్తున్నట్టు అనిపించింది.

ఎవరు చూస్తుండ్రంటివి గదా, చెప్త ఇను. మొదలు మీ వదినె సాయవ్వతోని చూపిచ్చిన. ఆమె ఏది నోట్లెసుకున్నా 'మంచిగనె ఉన్నది' అంటది. ముప్పై ఏండ్ల సంది నా ముఖం చూసి అదే మాటంటున్నది. ఉప్పే వెయ్యకుంట ఇచ్చి చూసిన. 'మంచిగనె ఉన్నది' అన్నది! సంసారానికి అదే మంచిది గని, దావతుకు పనికిరాదు. తర్వాత కోడలు రోజారాణిని తీస్కపోయిన. ఆమె ఆశ వర్కర్ గదా, వేలు మీద చుక్క పెట్టుకొని, 'మామా, గింత ఉప్పు తింటె ఊరంతా బీపీ గోలీలు మింగాలె' అని నాకే క్లాసు పీకింది. ఆమె మాటిని తగ్గిస్తే నస్రుల్లాబాద్ల గట్లయ్యింది. పిట్లంల ఇమ్మానుయేలును నమ్ముకున్న. ఒక ముక్క తిన్నడు, 'తెలుస్తలేదన్నా, ఇంకోటి వెయ్యి' అన్నడు. ఇంకోటి తిన్నడు. అర్ధకిలో అయినంక 'జర ఉప్పు పడాలె' అన్నడు. పడ్డది.

కొలిచి వెయ్యరాదా అని అందరు సలహ చెప్తరు. మేక మేకకు మాంసం తేడా, ఊరూరికి నీళ్ళు తేడా, దొడ్డు ఉప్పు బస్తా బస్తాకు తేడా. వీళ్ళకేమెరుక? అల్లం మాడుతున్నదా, ధనియాలు ఏగినయా, ముక్క ఉడికిందా, పది గజాల దూరం నుంచి వాసన చూసి చెప్త. ఉప్పుకు మాత్రం వాసన ఉండది. దేవుడు అదొక్కటి నాకు అందకుంట పెట్టిండు.

సరే, ఇది చదివి నవ్వు. ఇప్పుడు అసలు సంగతి. ఆ మనిషి నేనే. హైదరాబాద్‌ల కొత్తగ ఒక పెద్ద హోటల్ పెడ్తుండ్రు. మటన్ గంజులకు హెడ్ కుక్కుగ నన్ను అడుగుతుండ్రు. నెలకు డెబ్బై వేలు! ఇక్కడ రెండు దావతులు చెడిపోయినంక మూడోది ఎవరిస్తరు? మాఘమాసం పెండ్లిళ్ళకు ఇప్పటిదాక ఒక్కడే అడ్వాన్స్ ఇచ్చిండు. ఇగ నేను గంటె కింద పెట్టుడో, హైదరాబాద్ పోవుడో.

జనవరి ఇరవైన ట్రయల్. వాళ్ళ ముంగటనే వండాలెనంట, వండి, రుచి చూసి, ఏమున్నదో ఏం లేదో చెప్పాలెనంట. రుచి సంగతి నేను చూస్కుంట.

నీ అన్న
ముత్తెన్న


పుణె
జనవరి 9

అన్నా,

'రుచి సంగతి నేను చూస్కుంట' అని ఒక్క ముక్క రాసి ఊకున్నవు. నువ్వు అంతకంటె పెద్ద సంగతి ఏ ఉత్తరంల రాయలే. మొన్న లాలి ఫోన్ చేసింది. కొత్త దస్తీ ఒకటి కావాలె, మాల మూటగట్టి దేవుని అర్రల పెడ్త అని సాయవ్వ వదినెను అడిగినవంట.

మాల తీయకు.

నేను చిన్నోన్ని, నీకు చెప్పేంత గాదు. అయినా చెప్త. తీయకు. పదకొండేండ్ల కింద పిట్లం కాడ నువ్వు తాగి, ఉడుకుతున్న గంజు మీదికి ఒరుగుతుంటె, రెక్క పట్టి గుంజింది నేను. ఇప్పటికీ నా ఎడమ మోచెయ్యి మీద మచ్చ ఉన్నది. నిన్ను బస్సెక్కిచ్చి పండరికి తీస్కపోయింది నేను. మటన్ వండుకునెటోనికి మాల ఎట్ల వేస్తరని నువ్వు ఏడిస్తే, 'ఊరి పొట్టకు వండు, నీ పొట్టకు వద్దు, సీస అసలే వద్దు' అని అక్కడి మఠం మహారాజ్ నవ్వుకుంట మాల వేసిండు. ఆ మాల ముక్కకు వేసింది గాదన్నా, సీసకు వేసింది. ముక్క కోసం తీస్తే సీస గూడ వస్తది. సాయవ్వ వదినె మళ్ళ బజారుల నిన్ను ఎతుక్కుంట తిరగాల్నా?

డెబ్బై వేలంట! నేను ఇన్ని ఊర్ల రేట్లు అడిగిన గదా. యాడ గూడ ఉప్పు చూసెటోనికి ఎంతని ఎవడూ చెప్పలే. ఎందుకంటె అన్ని ఊర్లల్ల హెడ్ కుక్కే చూస్తడు, అది ఆయన జీతంల ఉంటది. మరి నీ ఎనిమిది వేలల్ల నా నాలుక ఎంత అన్నా? పదకొండేండ్లు నేను అడుగలే. ఇప్పుడు గూడ పైసల కోసం అడుగుతలేను.

నేనెందుకు పోయిన్నో నీకెరికెనా? రెండు వేలు సాలక పోయిన్నని ఊరంతా అనుకుంటున్నది, నువ్వు గూడ అనుకుంటున్నవు. ఆగస్టుల బిచ్కుంద పటేల్ పెద్దబిడ్డ పెండ్లి యాదికి తెచ్చుకో. పొయ్యి పూజ అయినంక పటేల్ నీకు శాలువ కప్పిండు. నా దిక్కు చూసి 'గీయన ఎవరు మాస్టర్?' అని అడిగిండు. నేను చెయ్యి గూడ చాపిన. నువ్వేమన్నవు? 'ఎవరు గాదు పటేలా, ఉప్పు చూసెటోడు' అన్నవు. చాపిన చెయ్యి ఏం చెయ్యాల్నో తెలువక పక్కనున్న గంటె పట్టుకున్న. గంటె కోసమే చాపినట్టు చేసిన. ఆ దినం గూడ నీ మటన్ల ఉప్పు సరిగ్గ చూసిన్నన్నా. చూసి, ఇంటికి పోయి, సంచి సర్దుకున్న.

ఇగ బంద్ చేస్తున్న. మాల మాత్రం తీయకు.

తారాచంద్


బాన్సువాడ
జనవరి 23

తమ్మీ తారాచంద్,

నువ్వు రాసింది నాకు యాదికి లేదు. సాయవ్వను అడిగిన. ఆమె ఆ దినం అక్కడనే ఉల్లిగడ్డలు కోస్తుండె. 'అన్నవు. అని నవ్వినవు గూడ' అన్నది. ముప్పై ఏండ్లల్ల మొదటిసారి 'మంచిగనె ఉన్నది' అనలే. నాకు అన్నం సయించలే రా.

తప్పైంది. ఇంతకంటె మంచిగ రాసుడు నాకు రాదు.

ఇగ ట్రయల్ సంగతి చెప్త, ఇది ఇంటె నువ్వు నవ్వుతవు. నీ ఉత్తరం పద్దెనిమిదిన వచ్చింది. చదివిన, చదివి గూడ మాల తీసిన. నేను మొండోన్నని నీకెరికె. దేవుని అర్రల పెట్టబుద్ధి గాలే, దస్తీల గట్టి అంగీ జేబుల పెట్టుకున్న. నీ ఉత్తరం గూడ అదే జేబుల ఉన్నది. ఆ హోటల్ వంటింట్ల అంతా స్టీలే, తలుపు స్టీలు, గోడ స్టీలు, మనిషి మనిషికి ఒక టోపి. పది కిలోల మటన్ వండిన. వాసన లేసింది చూడు, ఆ టోపీలోల్లు పని బంద్ చేసి వచ్చి నా చుట్టు నిలవడ్డరు. నా కండ్లల్ల నీళ్ళు తిరిగినయ్. పిట్లం పెండ్లిల ఉప్పెక్కువై చచ్చిన మనిషిని, అక్కడ మళ్ళ బతికిన.

అప్పుడు పెద్ద మాస్టర్ చెంచాల తునక తీసి నా చేతికిచ్చి, 'చూసి చెప్పండి' అన్నడు. పెదువుల దాక తెచ్చిన. తెచ్చినంక, ఏం చెప్పాలె తమ్మీ, ముక్క వాసన గాదు, ఆ పాత సీస వాసన వచ్చినట్టయ్యింది. జేబు మీద చెయ్యి పెట్టుకున్న. దస్తీ తలిగింది, నీ కాయితం తలిగింది. చెంచా కింద పెట్టిన.

'సార్, నేను రుచి చూడ. చూసెటోడు వేరే ఉన్నడు, పుణెల ఉన్నడు' అన్న.

'అంటె మీ అసిస్టెంటా?' అన్నడు.

'గాదు సార్. మేమిద్దరం కలిస్తేనే ఒక హెడ్ కుక్కు. ఇద్దరినీ తీస్కుంటరా?'

అందరు నవ్విండ్రు. మంచోల్లే, ఎక్కిరిచ్చి నవ్వలే. ఒక్క పోస్టుకు ఇద్దరిని తీసుకోరాదంట, కంప్యూటర్ ఒప్పుకోదంట. పెరుగన్నం పెట్టి, బస్సు కిరాయి ఇచ్చి సాగదోలిండ్రు. వస్తుంటె పెద్ద మాస్టర్ నా భుజం మీద చెయ్యేసి ఒక మాట చెప్పిండు. 'అన్నా, ఇసొంటి మటన్ నేను తినలే. ఉప్పొక్కటే జర తక్కువ.'

బస్సుల కూసోని మాల మళ్ళ వేసుకున్న. నా పక్కన కూసున్న ముసలామె 'దేవుని దర్శనం అయ్యిందా బిడ్డా?' అని అడిగింది. అయ్యిందన్న.

ఇంకొకటి చెప్పాలె. మాఘమాసంల ఒక్కడే అడ్వాన్స్ ఇచ్చిండని రాసిన గదా, అది బిచ్కుంద పటేలే. చిన్నబిడ్డ పెండ్లి, ఫిబ్రవరి ఇరవై. నిన్న ఇంటికి పోయి రేటు మళ్ళ మాట్లాడిన. పది వేలు, రెండు శాలువలు అన్న. 'రెండోది ఎవరికి మాస్టర్?' అన్నడు.

'హెడ్ కుక్కుకు.'

'మరి నువ్వేంది?'

'నేను గూడ హెడ్ కుక్కునే.'

నేను తాగిన్నేమోనని నా ముఖం చూసిండు. మళ్ళ మాల చూసి ఒప్పుకున్నడు.

అయిదు నీకు, అయిదు నాకు. ఇక నుంచి ఏ దావతుకైనా ఇదే. నువ్వు రమ్మని రాస్తలేను. పుణెల ఇరవై ఏడు వేలు పక్కా, మంచం, తిండి, నాకెరికె. నువ్వు రాకున్నా రెండో శాలువ తీస్కుంట, తండకు పోయి లాలి చేతుల పెడ్త, 'హెడ్ కుక్కుది' అని చెప్త, నలుగురు ఇనేటట్టు చెప్త. ఉప్పు ఎట్లనో తిప్పలు పడ్త. పాడైతే పాడైతది, బిచ్కుందల గూడ సల్ల దొరుకుతది.

చలి ఎక్కువున్నదంట ఆడ. మెడకు గుడ్డ చుట్టుకో.

ముత్తెన్న


పుణె
ఫిబ్రవరి 8

అన్నా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివిన. మా సేటు 'ఏమైంది ఆచారీ, ఎవరన్నా పోయిండ్రా?' అని అడిగిండు. లేదు సేట్, దొరికిండ్రు అన్న.

నేను గూడ నీకు ఒకటి దాసిన. డిసెంబర్ల మా హెడ్ కుక్కు సొంతూరికి పోతే, సేటు ఒక నెల ఆ టోపి నాకు పెట్టిండు. నలభై వేలు. నీకు మొదలే రాద్దామనుకున్న, ఎగిరి గంతేసుకుంట రాద్దామనుకున్న. నెల నిండకముందే టోపి ఊడింది అన్నా. గంజుల ఏదో తక్కువున్నదని నా నాలుకకు తెలుస్తనే ఉన్నది. ఏం తక్కువో, ఎప్పుడు వేస్తే కుదురుతదో తెలిస్తే గదా! నేను 'జర ఏదో ఉన్నదన్నా' అంటె, నువ్వు ముక్కు ఎత్తి 'లవంగం మాడింది' అనెటోనివి. ఇక్కడ 'జర ఏదో ఉన్నది' అంటె సేటు నా దిక్కు చూస్తడు, నేను సేటు దిక్కు చూస్త. రెండువారాలు నా కూర తిన్న గిరాకి మూడోవారం రాలే.

సేటుతోని మాట్లాడిన. పెండ్లిళ్ళ నెలలు మా అన్నతోని, వానాకాలం మీతోని అన్న. మంచోడు, ఒప్పుకున్నడు. మంచం మాత్రం వేరేటోనికి ఇస్తడంట.

లాలికి శాలువ ఇయ్యకు. అది నేనే కప్పుకుంట, పటేల్ చేతుల మీదనే. ఈసారి చెయ్యి చాపను, మెడ వంచుత.

ఇరవై పొద్దుగాల తొమ్మిదింటికి బిచ్కుంద బస్టాండ్ల దిగుత. అప్పటిదాక నువ్వు పొయ్యి ముట్టియ్యి, గంజు ఎక్కియ్యి, ఉల్లిగడ్డ ఎర్రగ చెయ్యి, మసాలాలు నీ ఇష్టం. వదినెను గూడ పక్కన నిలవెట్టుకో, మంచిగనె ఉన్నది అంటది.

ఉప్పు మాత్రం వెయ్యకు.

తారాచంద్